వర్మీకంపోస్టు వేసినా తోటకూర ఎందుకు పాలిపోయింది?

అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా, ఒక అవ్వ ముప్పై సెంట్ల నేలలో ఏడాది పొడవునా ఆకుకూరలు పండిస్తుంది. మా ఇంటికి పాలకూర, మెంతికూర అక్కడినుంచే వస్తాయి. యూరియా తగ్గించి వానపాముల ఎరువు వేసి చూడమని నేను నాలుగైదుసార్లు చెప్పిన మీదట ఒక్క మడికి ఒప్పుకుంది. సెంటు మడిలో ఒక తట్ట, అంటే సుమారు పది కిలోల వర్మీకంపోస్టు చల్లి తోటకూర విత్తింది. పక్క మడికి ఎప్పటిలా యూరియా వేసింది. ఇరవయ్యో రోజున నాకు కబురు చేసింది.

"నాయనా, నీ మాట విని వేశాను. చూడు, పాలు చాలని బిడ్డలా ఉంది మడి" అంది.

నిజమే. యూరియా మడి ముదురు పచ్చగా నిగనిగలాడుతోంది. వర్మీకంపోస్టు మడిలో మొక్కలు జానెడు కూడా లేవు. కూర్చుని ఒక మొక్కను పీకి చూశాను. చిగురు ఆకులు పర్వాలేదు. అడుగు ఆకులు మాత్రం లేత నిమ్మపండు రంగుకు తిరిగాయి, ఆకు ఈనెల సందుల్లో కూడా పసుపే. వేళ్ల మధ్య పెట్టి చూస్తే ఆకు పలుచగా, కాగితంలా ఉంది. మొక్కకు నత్రజని చాలనప్పుడు ముదురు ఆకుల్లో ఉన్నదాన్ని లాగి చిగుళ్లకు పంపుకుంటుంది, అందుకే పసుపు కిందినుంచి మొదలవుతుంది. తెగులు కాదు, పురుగు కాదు, అది ఆకలి.

తప్పు ఎరువుదా, వేసిన తీరుదా, నేలదా, ఎండదా? ఆ రోజునుంచి ఈ చిక్కుముడిని ఒక్కొక్క పోగుగా విప్పుకుంటూ వచ్చాను. వర్మీకంపోస్టు గురించి మన దగ్గర రెండు రకాల మాటలే వినిపిస్తాయి. ఒకరు అది నల్ల బంగారం అంటారు. ఇంకొకరు పేడకే ఖరీదైన పేరు పెట్టారంటారు. పాలిపోయిన మడి గట్టున నిలబడ్డ మనిషికి ఈ రెండు మాటలూ అక్కరకు రావు. ఆ మనిషికి కావలసింది లెక్క.

బస్తాకు బస్తా పోల్చవద్దు

యూరియాలో నత్రజని 46 శాతం. 45 కిలోల బస్తాలో 20 కిలోల పైచిలుకు నత్రజని ఉంటుంది. వర్మీకంపోస్టులో కనీసం 1 శాతం నత్రజని, 18 శాతం సేంద్రియ కర్బనం ఉండాలని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. బాగా తయారైనదైతే ఒకటిన్నర శాతం వరకు రావచ్చు. ఒక శాతమే అనుకుంటే 50 కిలోల బస్తాలో ఉండేది అర కిలో నత్రజని. అంటే ఒక్క యూరియా బస్తాలోని నత్రజని కోసం నలభై బస్తాల వర్మీకంపోస్టు మోయాలి. ఈ పోలికతో మొదలుపెట్టినవాళ్లు అక్కడే నిరాశపడి ఆగిపోతారు. కాబట్టి పోలికను పక్కనపెట్టి మడినే అడుగుదాం: నీకు ఎంత కావాలి?

సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. తోటకూర మంచిగా వస్తే ఒక సెంటులో 40 కిలోల దాకా ఆకు కోయవచ్చు. తోటకూర పచ్చి ఆకులో మాంసకృత్తులు సుమారు 3 శాతం, దాని ప్రకారం నత్రజని అర శాతం. కాబట్టి 40 కిలోల కూరతోపాటు మన మడి నుంచి సుమారు 200 గ్రాముల నత్రజని మార్కెట్టుకు వెళ్లిపోతుంది. కూరగాయల తోటలకు సాధారణంగా చెప్పే మోతాదు ఎకరాకు 2 టన్నుల వర్మీకంపోస్టు, అంటే సెంటుకు 20 కిలోలు. అందులో నత్రజని 200 గ్రాములు. లెక్క ఇట్టే సరిపోయిందనిపిస్తుంది.

మోసపోయేది ఇక్కడే. ఎరువులో ఉన్న నత్రజని వేరు, ఈ నెలలో మొక్కకు అందే నత్రజని వేరు. వర్మీకంపోస్టులో కొంత భాగం నైట్రేటు, అమ్మోనియం రూపాల్లో వేరు వెంటనే తీసుకునేలా ఉంటుంది. మిగతాది సేంద్రియ పదార్థంలో బంధించి ఉంటుంది. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని నెమ్మదిగా విడదీయాలి. వంకాయకు, మిరపకు నాలుగైదు నెలల సమయం ఉంటుంది కాబట్టి ఆ నిదానం వాటికి సరిపోతుంది. తోటకూర ఇరవై అయిదో రోజుకే కట్ట కట్టించుకుని వెళ్లిపోయే పంట. దాని ఆకలంతా పదో రోజు నుంచి ఇరవయ్యో రోజు మధ్యలోనే. ఆ సమయానికి ఎరువులో మూడో వంతు అందిందనుకుందాం. నేల పదునును, వేడిని బట్టి ఇది అటూ ఇటూ మారుతుంది కానీ మోటుగా అంచనా వేయడానికి పనికొస్తుంది. 20 కిలోలు వేసినా తొలి పంటకు దక్కేది 65, 70 గ్రాములు. అవ్వ వేసింది పది కిలోలు. ఆ మడికి అందింది ముప్పై గ్రాముల పైచిలుకు.

మిగిలిన మూడింట రెండు వంతులు ఎక్కడికీ పోలేదు, నేలలోనే ఉన్నాయి. అందుకే ఒకే మడిలో ప్రతి పంటకూ కొంచెం కొంచెంగా వర్మీకంపోస్టు వేస్తూ పోతే మూడో పంటకో నాలుగో పంటకో పాత ఎరువు కూడా అందివస్తుంది. ఒక్క పంటకు వేసి, ఇరవయ్యో రోజున తీర్పు చెప్పేస్తే ఈ ఎరువుకు అన్యాయం చేసినట్టే. కానీ మొదటి రెండు పంటల లోటును మరో దారిలో పూడ్చకపోతే రైతుకు అన్యాయం చేసినట్టు. రెండోదాని గురించి ఎవరూ మాట్లాడకపోవడమే నాకు బాధ కలిగించే విషయం. "సేంద్రియం వేయండి, అంతా బాగుంటుంది" అని చెప్పి వెళ్లిపోతే తొలి పంట నష్టాన్ని మోసేది ఎవరు?

లోటు పూడ్చే దారులు

మన సీమలో దీనికి పాత దారులు చాలా ఉన్నాయి. వేరుశనగ చెక్కలో నత్రజని 7 శాతం వరకు ఉంటుంది. పశువుల దాణాగా అమ్ముడుపోయే చెక్కను ఎరువుగా వేయడం ఖరీదే, అందుకని వేపపిండి, ఆముదం పిండి నయం. వీటిలో 4 నుంచి 5 శాతం ఉంటుంది. సెంటుకు రెండు కిలోల వేపపిండి వేస్తే దాదాపు వంద గ్రాముల నత్రజని చేరుతుంది, పైగా అది వర్మీకంపోస్టు కంటే త్వరగా విడుదలవుతుంది. విత్తడానికి పది రోజుల ముందే పొడి చేసి మట్టిలో కలపాలి. విత్తే రోజున వేస్తే అది పులిసేటప్పుడు వచ్చే వేడికి, ఆవిరులకు మొలకలు చచ్చిపోతాయి. ఆముదం పిండి వాడేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. అది పశువులకు విషం, మేకలు, దూడలు తిరిగే చోట పెట్టకూడదు.

గొర్రెల ఎరువు మరో దారి. అనంతపురం జిల్లాకు గొర్రెల కరువు లేదు. చేనులో రాత్రిపూట మంద కట్టించడం మన పెద్దలకు ఎరువుల దుకాణం కంటే ముందు తెలిసిన విద్య. గొర్రె పెంటికల్లో ఆవుపేడలో కంటే నత్రజని ఎక్కువ, వాటిని కొంత పేడతో కలిపి వానపాములకు మేపితే తయారయ్యే ఎరువు కూడా అంత బలంగా ఉంటుంది.

ఇక మెంతికూర. ఇది పప్పుజాతి మొక్క. వేళ్లను మెల్లగా కడిగి చూస్తే ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి, వాటిలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. తోటకూర తర్వాత మెంతి, మెంతి తర్వాత పాలకూర అనే వరుస పాటిస్తే నత్రజని ఖర్చు సగటున తగ్గుతుంది. అయితే మెంతిని వేళ్లతో పీకి కట్టలు కడితే ఆ బుడిపెలు కూడా బజారుకే పోతాయి. నేల మట్టానికి కోస్తే వేళ్లు మడిలోనే చివుకుతాయి. మా వైపు పీకడమే అలవాటు. వేరుతో ఉంటే కట్ట ఎక్కువసేపు వాడిపోకుండా ఉంటుందని కొనేవాళ్లు కూడా అదే అడుగుతారు. ఈ ఒక్క అలవాటు మార్చడం ఎరువు మార్చడం కంటే కష్టం.

మరి అంత తక్కువ నత్రజని ఉన్నప్పుడు వర్మీకంపోస్టు ఎందుకు?

ఎందుకంటే మన నేలకు ఉన్న పెద్ద జబ్బు నత్రజని కొరత ఒక్కటే కాదు. అనంతపురం ఎర్రనేలల్లో సేంద్రియ కర్బనం చాలా తక్కువ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటే చోట, నేలలో పడిన ఆకూ అలమూ నిలవవు. ఇసుకపాలు ఎక్కువైన ఎర్రమట్టిలో వేసిన యూరియా రెండు వైపులా కారిపోతుంది. కొంత నీటితో కిందికి దిగిపోతుంది. క్షారగుణం ఉన్న వేడి నేల మీద పడినది అమ్మోనియా ఆవిరిగా గాలిలో కలుస్తుంది. బస్తాలోని 20 కిలోలు మొక్కకు చేరే 20 కిలోలు కావు. నత్రజనిని పట్టి ఉంచే చేయి నేలకు ఉండాలి, ఆ చేయి సేంద్రియ పదార్థమే.

వానపాము చేసే పని ఇక్కడ చూడాలి. దాని నోట పళ్లు లేవు. తిన్నదంతా కండరాలతో గట్టిపడిన సంచిలో మట్టి రేణువులతో కలిసి నలుగుతుంది. పేగులో జిగురు, సూక్ష్మజీవులు కలుస్తాయి. బయటికి వచ్చే చిన్న గుళిక స్పంజిలా నీటిని పట్టుకుంటుంది, నీటికి వెంటనే కరిగిపోదు. ఈ గుళికలు ఎర్రమట్టిలో కలిస్తే తడికీ తడికీ మధ్య నేల త్వరగా పిడచగట్టదు. ఆకుకూరల వేళ్లలో ఎక్కువ భాగం జానెడు లోతులోనే ఉంటాయి, ఆ జానెడులో పదును ఉన్నంతసేపే వాటి బతుకు. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడిలో పని వేరు. అక్కడ నీరు నిలుస్తుంది, గాలి ఆడదు, ఎండితే నేల నెర్రెలిస్తుంది. వర్మీకంపోస్టు అక్కడ మట్టిని గుల్లబరచడానికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

పోషకాల లెక్కకు అందని మేలు కూడా ఒకటి ఉంది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో క్లైవ్ ఎడ్వర్డ్స్ బృందం కుండీల్లో చేసిన ప్రయోగాల్లో, పోషకాలన్నీ సమానంగా ఇచ్చినా వర్మీకంపోస్టు కలిపిన మొక్కలు మెరుగ్గా పెరిగాయి. చివికిన పదార్థంలో ఏర్పడే హ్యూమిక్ ఆమ్లాలు, సూక్ష్మజీవులు తయారుచేసే పెరుగుదల హార్మోన్లు అందుకు కారణమని వారు భావించారు. ఆ మేలు కూడా మోతాదు వరకే. మిశ్రమంలో పదో వంతు నుంచి రెండు అయిదో వంతుల వరకు కలిపినప్పుడు బాగుంది, అంతకు మించితే తగ్గింది. మిద్దె మీద కుండీల్లో కొత్తిమీర వేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఉత్త వర్మీకంపోస్టులో విత్తితే మొలక సరిగా రాదు, అందులోని లవణాలు ఎక్కువై లేత వేరు మాడుతుంది. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు చాలు.

తినే ఆకు సంగతి కూడా ఉంది. తోటకూర, పాలకూర వంటివి అవసరానికి మించి నత్రజని దొరికితే దాన్ని నైట్రేటుగా ఆకులోనే దాచుకుంటాయి. యూరియా చల్లిన మూడో రోజున ముదురు పచ్చగా మెరిసే ఆకును చూసి మనం మురిసిపోతాం. ఆ రంగంతా పోషణ కాదు. నిదానంగా విడుదలయ్యే ఎరువుతో ఈ బెడద తక్కువ.

ఆ బస్తాలో ఏముంది?

అవ్వ మడి దగ్గర నేను తర్వాత చూసింది మిగిలిన బస్తాను. మూతి విప్పగానే పేడ వాసన వచ్చింది. చేతిలోకి తీసుకుంటే సగం సగం విరిగిన వేరుశనగ పొట్టు, ఎండుటాకు ముక్కలు కనిపించాయి. పూర్తిగా తయారైన వర్మీకంపోస్టు టీ పొడిలా ఉంటుంది, పేడ వాసన పోయి తొలకరి చినుకు పడిన మట్టి వాసన వస్తుంది. ఈ బస్తాలోని సరుకు సగమే చివికింది.

ఇది చిన్న లోపం కాదు. ఆ మడి పాలిపోవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. చివకని పదార్థంలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని తినే సూక్ష్మజీవులకు ఒళ్లు పెంచుకోవడానికి నత్రజని కావాలి. ఎరువులో చాలకపోతే చుట్టూ ఉన్న మట్టిలోంచి లాక్కుంటాయి. అంటే ఎరువు వేసిన తర్వాత కొన్ని వారాలపాటు మొక్కకు మునుపటికంటే తక్కువే దొరుకుతుంది. నత్రజని ఒక పాలైతే కర్బనం ఇరవై పాళ్లకు లోపు దిగాకే ఎరువు మాగినట్టు. వేరుశనగ పొట్టు, కంది కట్టె పొడి లాంటి గట్టి పదార్థాలు అంత తొందరగా ఆ స్థితికి రావు. వాటిని నానబెట్టి, పేడతో కలిపి, ఎక్కువ రోజులు మాగనివ్వాలి.

కొనే ముందు పరీక్షించడం సులువు. ఒక గ్లాసు నీళ్లలో పిడికెడు వేసి కలిపి వదిలేస్తే ఇసుక కలిపి ఉంటే నిమిషంలో అడుగున పేరుకుంటుంది. ఇంకా నమ్మకమైన పరీక్ష మెంతి గింజలది. పాత స్టీలు పళ్లెంలో సగం ఎరువు, సగం తోట మట్టి కలిపి పరచి, ఇరవై మెంతి గింజలు విత్తి, పక్కనే ఉత్త మట్టిలో మరో ఇరవై విత్తాలి. నాలుగో రోజుకు రెండు చోట్లా మొలకలు లెక్కపెట్టాలి. ఎరువు ఉన్న పళ్లెంలో మొలకలు తగ్గినా, తోకల్లా వంకరపోయినా, చివర గోధుమ రంగుకు మారినా ఆ ఎరువు ఇంకా పచ్చిది. అవ్వ బస్తాలోంచి తీసినదానికి నేనూ ఇదే పరీక్ష చేశాను. ఇరవైలో తొమ్మిది మొలిచాయి. ఉత్త మట్టిలో పద్దెనిమిది.

బస్తాలోని తేమ చూడడం కూడా అవసరమే. నియంత్రణ ఉత్తర్వు ప్రకారం తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. పిండితే నీరు కారే బస్తా కొంటే నీళ్లకు డబ్బు ఇచ్చినట్టే. ఎండలో ఎండబెట్టి దుమ్ములా చేసినదాంట్లో బతికున్న సూక్ష్మజీవులు తక్కువ.

మన ఎండలో వానపాములు బతుకుతాయా?

బతుకుతాయి, నీడ ఉంటే. సొంతంగా తయారు చేసుకోవడమే పచ్చి సరుకు బెడదకు సరైన విరుగుడు. సాధారణంగా వాడే రకాలు రెండు: ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే. మొదటిదానికి 20, 25 డిగ్రీల వేడి హాయి. రెండోది మన వేడికి కాస్త ఓర్చుకుంటుంది. ఏదైనా సరే, బెడ్డు లోపల 35 డిగ్రీలు దాటితే పాములు పారిపోతాయి లేదా చచ్చిపోతాయి. మా పెరట్లో మొదటిసారి రేకుల కింద పెట్టిన తొట్టి ఏప్రిల్ నెలలో ఒక్క వారంలో ఖాళీ అయింది. రేకు నీడనిచ్చినట్టే ఇచ్చి కింద ఉడకబెడుతుంది. తర్వాత దాన్ని వేపచెట్టు కిందికి మార్చి, పైన బోద గడ్డి కప్పి, ఎరువు మీద తడిపిన గోనెపట్టాలు పరిచాను. ఆ వేసవి గడిచింది.

పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న తొట్టికి మూడు కిలోల పాములు సరిపోతాయి. కిలోకు దాదాపు వెయ్యి ఉంటాయి. వెడల్పు మూడడుగులు దాటకూడదు, రెండు వైపుల నుంచీ చేయి అందాలి. పచ్చి పేడ నేరుగా వేస్తే అది కాగి పాములను చంపుతుంది, అందుకని విడిగా కుప్ప పోసి, నీళ్లు చల్లి, పదిహేను రోజులు వేడి చల్లారనివ్వాలి. ఈ కాగే దశను తొందరపడి దాటేయకూడదు. కలుపు గింజలను, రోగకారక క్రిములను చంపేది ఆ వేడే, వానపాము కాదు. పచ్చిగా నోట్లో వేసుకునే కొత్తిమీర, పుదీనా పండించేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

తేమ ఎంతంటే, పిడికిట్లో పట్టి గట్టిగా నొక్కితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార రాకూడదు. ఉప్పునీళ్ల బోరు ఉన్నవాళ్లు వాననీళ్లో తీపినీళ్లో చల్లడం మంచిది. చర్మంతోనే గాలి పీల్చే ప్రాణి ఉప్పుకు తట్టుకోలేదు. పశువులకు నట్టల మందు తాగించాక కొన్నాళ్లపాటు ఆ పేడ తొట్టిలో వేయకూడదు, నట్టను చంపిన మందు వానపామునూ వదలదు. చీనీ (బత్తాయి) తొక్కలు, కారం, నూనె కలిసిన వంటింటి వ్యర్థాలు కూడా వద్దు. ఎర్ర చీమలు రాకుండా తొట్టి చుట్టూ నీటి కాలువ కట్టాలి. కోళ్లు ఉన్న ఇంట్లో వల లేకుండా తొట్టి పెట్టడం వాటికి విందు పెట్టడమే.

అన్నీ కుదిరితే రెండు నెలల్లో ఎరువు సిద్ధమవుతుంది. వేసిన వ్యర్థంలో సుమారు సగం బరువు ఎరువుగా మిగులుతుంది. ఆఖరి నాలుగైదు రోజులు నీళ్లు ఆపి, ఎరువును వెలుతురులో శంకువులా పోస్తే పాములు అడుక్కు దిగిపోతాయి, పైనుంచి తీసుకుంటూ రావచ్చు.

విదేశీ పాము వివాదం

ఈ ఎరువును ప్రకృతి వ్యవసాయం వైపు ఉన్న కొందరు రైతులు ముట్టుకోరు. ప్రకృతి వ్యవసాయ ప్రచారకుడు సుభాష్ పాలేకర్ వర్మీకంపోస్టును గట్టిగా వ్యతిరేకించడం దీనికి ముఖ్య కారణం. ఐసీనియా ఫెటిడా మన దేశపు వానపాము కాదని, నేలను దున్నదని, విష లోహాలను పోగుచేస్తుందని ఆయన వాదన. 2016 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయం ఆయన పద్ధతితోనే మొదలైంది కాబట్టి ఈ ప్రశ్న ఊరూరా వినిపిస్తుంది.

ఇందులో నిజం ఉంది, పొరపాటూ ఉంది. ఐసీనియా పైపైన కుళ్లిన పదార్థం తిని బతికే జాతి, నేలలో లోతుగా బొరియలు చేయదు. కాబట్టి కిలోల లెక్కన పాములు కొని చేనులో వదలడం డబ్బు పారబోసుకోవడమే, మన ఎర్రనేలలో వేసవి దాకా కూడా అవి ఉండవు. కానీ మనం చేనుకు తోలేది పామును కాదు, అది చేసిన ఎరువును. దున్నే పని మన నేలలోనే ఉన్న లాంపిటో మౌరిటీ లాంటి నాటు వానపాములది. మడి మీద ఆకు కప్పి పదును నిలిపితే అవి వాటంతట అవే పైకి వస్తాయి. లోహాల సంగతికి వస్తే, వానపాము తన ఒంట్లో కాడ్మియం లాంటివి పోగుచేసుకోవడం నిజమే, అయితే లేని లోహాన్ని పుట్టించదు. పేడ, ఆకులు వేస్తే భయం లేదు. పట్టణపు చెత్తతో చేసినదైతే ఆకుకూరలకు వద్దనే నేనూ చెబుతాను. పాలేకర్ చెప్పే జీవామృతానికీ దీనికీ పోటీ పెట్టడం నాకు అర్థం కాని విషయం. ఎకరాకు పది కిలోల పేడ, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గోమూత్రంతో చేసే ఆ ద్రవం సూక్ష్మజీవులకు తోడు వేయడం లాంటిది. తోడు వేయడానికి పాలు కూడా ఉండాలి కదా, ఆ పాలు సేంద్రియ పదార్థం.

ఏ కూరకు ఎలా

అన్ని ఆకుకూరలనూ ఒకే గాటన కట్టకూడదు. తోటకూర మండుటెండలోనూ పెరుగుతుంది, తిండి ఎక్కువ అడుగుతుంది. వేపపిండి తోడు లేకుండా దానికి వర్మీకంపోస్టు చాలదు. పాలకూర, చుక్కకూర మళ్లీ మళ్లీ కోసేవి, ఈ ఎరువుకు అసలైన జోడు అవే. మొదట సెంటుకు పది, పన్నెండు కిలోలు మట్టిలో కలిపి, ప్రతి కోత తర్వాత సాళ్ల మధ్య మూడు నాలుగు కిలోలు వేసి మట్టి కప్పి తడి ఇస్తే నిదానపు విడుదల వాటి నడకకు సరిపోతుంది. గోంగూర మొండిది, తక్కువతోనే సర్దుకుంటుంది. సంగటిలోకి పుల్లగూర కోసం పెరట్లో నాలుగు మొక్కలు వేసుకునేవాళ్లు దానికి పెద్దగా లెక్కలు వేయనక్కర్లేదు. కొత్తిమీర ఒకేసారి పీకేది, ఎరువంతా విత్తే ముందే వేయాలి.

ఎప్పుడు వేసినా సాయంత్రం వేయాలి, రెండు మూడు అంగుళాల లోతున మట్టిలో కలపాలి, వెంటనే తడి ఇవ్వాలి. తక్కువ మోతాదు, పచ్చి ఎరువు తర్వాత అవ్వ చేసిన మూడో పొరపాటు ఇదే. మధ్యాహ్నం పైపైన చల్లి, మర్నాడు నీళ్లు పెట్టింది. మన ఎండకు, ఆషాఢంలో అయితే గాలికి, అంతసేపు బయట ఉన్న ఎరువులో ప్రాణం మిగలదు. తొట్టి అడుగున కారే గోధుమరంగు నీటిని, అదే వర్మీవాష్‌ను, పది రెట్ల నీళ్లు కలిపి చల్లవచ్చు, కోతకు ముందు మాత్రం వద్దు. భూసార పరీక్షకు అనంతపురం జిల్లా రెడ్డిపల్లి, కర్నూలు జిల్లా బనవాసి, కడప జిల్లా ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో దగ్గరున్నదాన్ని అడగవచ్చు. జింకు లోపం ఉంటే వర్మీకంపోస్టు ఒక్కదానితో ఆకు తేరుకోకపోవచ్చు.

మా పెరటి తొట్టిలో మాగిన ఎరువు రెండు బస్తాలు అవ్వకు తీసుకెళ్లి ఇచ్చాను. అదే మడిలో పది రోజుల ముందు వేపపిండి కలిపి, విత్తే సాయంత్రం ఇరవై కిలోల ఎరువు వేసింది. ఈసారి ఆకు యూరియా మడి అంత ముదురు రంగు రాలేదు. కట్టలు కూడా ఆ మడి కంటే నాలుగు తక్కువే. పద్దెనిమిదో రోజున మోటారు కాలిపోయి నాలుగు రోజులు నీళ్లు అందలేదు. అయిదో రోజు ఉదయం నేను వెళ్లేసరికి అవ్వ గట్టు మీద కూర్చుని ఉంది. యూరియా మడిలో ఆకులు వడలి నేలకు అంటుకున్నాయి. ఇవతలి మడిలో చివర్లు మాత్రం కొద్దిగా వాలాయి. అవ్వ లేచి, ఇవతలి మడిలో మొక్క మొదట్లో వేలు గుచ్చి, తడి అంటిన వేలును నాకు చూపించింది.

"ఇంకో బస్తా ఉందా నాయనా?" అంది.